ఫోల్డర్లు మార్చినాక బ్రాంచీలు కలిపేదెట్లా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే తలనొప్పి గురించి. కోడ్ ఫోల్డర్లు సర్దుకోవడం బాగానే ఉంటుంది, ఆ తర్వాత గిట్ లాంటి, కోడ్ మార్పుల చరిత్ర దాచే సాధనాల్లో పాత బ్రాంచీలను (అదే కోడ్ మీద విడిగా సాగే పనులను) అందరిదీ కలిసే అసలు బ్రాంచి మెయిన్‌తో కలపబోయేసరికి, అంటే మెర్జ్ చేయబోయేసరికి, చుక్కలు కనిపిస్తాయి. అందుకే ఈ సంచికలో శీర్షిక మొత్తం దీనికే కేటాయించాం. కమాండ్లు తెలుగు లిపిలో అచ్చు వేస్తున్నాం. టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్నక్షరాలే వాడండి. -ఎం, -ఎక్స్, -ఏ అన్న ఆప్షన్లలో అక్షరం మాత్రం పెద్దది.

ప్రశ్న: రొయ్యల గుంటల లెక్కలు రాసే ప్రోగ్రాం మాది. మేత, చెక్ ట్రేలు, కౌంట్, పట్టుబడి అన్నీ అందులోనే. ‘యాప్’ ఫోల్డర్లో ఉన్నదంతా మెయిన్ బ్రాంచిలో ‘సర్వీసెస్’ కిందికి మార్చినాం. ఆ లోపల మా పిలకాయలు ఎఫ్‌సీఆర్ (కిలో పెరుగుదలకు ఎంత మేత పట్టిందన్న) లెక్క మీద వేరే బ్రాంచిలో పని చేస్తా ఉండారు. ఇప్పుడు మెయిన్‌ను ఆ బ్రాంచిలోకి మెర్జ్ చేస్తే కొన్ని ఫైళ్లు బాగానే కలుస్తుండాయి, కొన్నిటికి మాత్రం మాడిఫై/డిలీట్ కాన్‌ఫ్లిక్ట్ అంటా ఉంది. గిట్ ఎంవీ తోనే కదా సార్ మార్చింది, రీనేమ్ సంగతి దానికి తెలియదా?
— కావలి

జవాబు: తెలియదు. గిట్ ఎంవీ వాడినా, ఎక్స్‌ప్లోరర్లో మౌస్‌తో లాగి పడేసినా గిట్‌కు ఒకటే. ‘ఈ ఫైలు ఫలానా చోటునుంచి వచ్చింది’ అని కమిట్‌లో ఎక్కడా రాసి పెట్టుకోదు. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన నాటినుంచీ దాని పద్ధతి అంతే. ప్రతి కమిట్ ఆ క్షణానికి ఉన్న ఫైళ్లన్నిటి ప్రతి. రీనేమ్ అనేది మెర్జ్ చేసేటప్పుడో, డిఫ్ (తేడాల పట్టీ) అడిగినప్పుడో గిట్ అప్పటికప్పుడు వేసే అంచనా.

ఆ అంచనా వేసే తీరు ఇది. ఒకచోట మాయమైన ఫైళ్లన్నీ ఒక పక్క, కొత్తగా కనబడ్డ ఫైళ్లన్నీ ఇంకో పక్క పెట్టుకుంటుంది. లోపలి సరుకు అక్షరం కూడా తేడా లేకుండా ఉంటే హాష్ (లోపలి సరుకునుంచి లెక్కగట్టే గుర్తింపు సంఖ్య) ఒకటే కాబట్టి వెంటనే జత కలిపేస్తుంది. మిగిలినవాటిని ఒక్కోటి పోల్చి పోలిక శాతం చూస్తుంది. 50 శాతం, ఆ పైన ఉంటే రీనేమ్ అంటుంది. అంతకు తగ్గితే ‘పాతది తీసేశారు, కొత్తది పెట్టారు’ అనుకుంటుంది. మీ పిలకాయలు పాత దారిలోని ఫైలును దిద్దారు, మెయిన్‌లో అది ‘తీసేసినట్టు’ ఉంది. మాడిఫై/డిలీట్ పుట్టేది అక్కడే.

శాతం లెక్కలో ఒక మెలిక ఉంది. పాత ఫైలులోంచి ఎంత సరుకు కొత్తదానిలో మిగిలిందో చూసి, దాన్ని రెండింటిలో పెద్ద ఫైలు సైజుతో భాగిస్తుంది. అంటే తీసేస్తేనే కాదు, బాగా కలిపినా శాతం పడిపోతుంది. 6 కేబీ ఫైలును ముట్టుకోకుండా కింద 8 కేబీ కొత్త కోడ్ రాశారనుకోండి. 14లో 6, అంటే 43 శాతం. గిట్ దృష్టిలో అది వేరే ఫైలు. పోలిక దాదాపు లైన్ల చొప్పున జరుగుతుంది కాబట్టి, ఫంక్షన్లన్నిటినీ ఒక క్లాసులోకి తోసి ఇండెంట్ మార్చితే ప్రతి లైనూ కొత్తదే అవుతుంది. ఫోల్డరు మార్చిన రోజే ఫార్మాటర్ (కోడ్ అమరికను సర్దే ప్రోగ్రాం) కూడా నడిపేవాళ్లు ఇలాగే దెబ్బతింటారు. ఇక విండోస్, లినక్స్ లైన్ ఎండింగుల తేడా ఒక్కటే అయితే రీనేమ్ గుర్తింపుకు అడ్డం రాదు, ఆ లెక్కలో గిట్ దాన్ని పక్కన పెడుతుంది. కానీ లోపలి సరుకు కలిపేటప్పుడు మాత్రం ఫైలు మొత్తం కాన్‌ఫ్లిక్ట్‌గా కనబడుతుంది. దానికి గిట్-ఆట్రిబ్యూట్స్ ఫైలులో ఎండింగుల నియమం పెట్టుకుని, మెర్జ్‌కు -ఎక్స్ రీనార్మలైజ్ జోడించాలి.

ముందు మీ దగ్గర ఏవి జత కుదిరాయో, ఏవి కుదరలేదో చూసుకోండి. నడుస్తున్న మెర్జ్‌ను గిట్ మెర్జ్ --ఎబార్ట్ అని ఆపేయండి. తర్వాత:

గిట్ మెర్జ్-బేస్ మెయిన్ ఎఫ్‌సీఆర్
గిట్ డిఫ్ -ఎం --నేమ్-స్టేటస్ బేస్ మెయిన్

మొదటి కమాండ్ రెండు బ్రాంచీలు విడిపోయిన కమిట్ నంబరు ఇస్తుంది. రెండోదానిలో ‘బేస్’ అన్నచోట ఆ నంబరు పెట్టండి. ఆర్100 అని వచ్చినవి చెక్కుచెదరకుండా జరిగినవి. ఆర్072 అంటే 72 శాతం పోలిక. డీ (తీసేసినది) ఒక చోట, ఏ (కొత్తగా పెట్టినది) ఇంకో చోట విడివిడిగా కనబడిన ఫైళ్లే మిమ్మల్ని ఏడిపిస్తున్నవి. ఇదే కమాండ్‌ను -ఎం35% అని పెట్టి మళ్లీ నడపండి. మీ డీ–ఏ జంటలు ఇప్పుడు ఆర్044, ఆర్039 అంటూ కలిసి వస్తే పని తేలిక:

గిట్ మెర్జ్ -ఎక్స్ ఫైండ్-రీనేమ్స్=35% మెయిన్

శాతం తగ్గించేకొద్దీ తప్పుడు జతలు పడే ప్రమాదం పెరుగుతుంది. పైన అవే ఇంపోర్టులు, అదే లైసెన్సు పేరా ఉన్న చిన్న ఫైళ్లు ఒకదానికొకటి చుట్టాలైపోతాయి. అందుకే డిఫ్‌లో జతలు కళ్లతో చూసుకోకుండా 30 కంటే కిందికి దిగొద్దు. % గుర్తు మరవొద్దు కూడా. ఉత్త -ఎం5 అంటే గిట్‌కు 50 శాతం.

అప్పటికీ జత కుదరని ఫైళ్లు నాలుగైదు మిగిలితే వాటిని చేత్తో కలపాలి. మెర్జ్ మధ్యలో ఆగి ఉన్నప్పుడు గిట్ పాత దారి కింద మూలప్రతిని 1 అనీ, మీ బ్రాంచి ప్రతిని 2 అనీ దాచి ఉంచుతుంది. ఫీడ్.పీవై అనే ఫైలుకు ఇలా చేయండి:

గిట్ షో :1:యాప్/పాండ్స్/ఫీడ్.పీవై > ../మూలం.పీవై
గిట్ షో :2:యాప్/పాండ్స్/ఫీడ్.పీవై > ../మాది.పీవై
గిట్ మెర్జ్-ఫైల్ సర్వీసెస్/పాండ్స్/ఫీడ్.పీవై ../మూలం.పీవై ../మాది.పీవై
గిట్ యాడ్ సర్వీసెస్/పాండ్స్/ఫీడ్.పీవై
గిట్ ఆర్‌ఎం యాప్/పాండ్స్/ఫీడ్.పీవై

మెర్జ్-ఫైల్ మొదట చెప్పిన ఫైలులోనే ఫలితం రాస్తుంది, నిజంగా ఢీకొన్న లైన్లకు మాత్రమే మామూలు గుర్తులు పెడుతుంది. వాటిని దిద్దాకే యాడ్ చేయండి. ఇదంతా గిట్ బ్యాష్‌లో చేయండి. పాత విండోస్ పవర్‌షెల్ 5.1లో > గుర్తు ఫైలును యూటీఎఫ్-16లో రాస్తుంది, అప్పుడు మెర్జ్-ఫైల్ దాన్ని బైనరీ అని వదిలేస్తుంది.

ఇక ఫైళ్లు వేలల్లో ఉంటే ఇంకో అడ్డు తగలొచ్చు. పోలిక చూడాల్సినవి మరీ ఎక్కువైతే గిట్ ఆ పనే మానేస్తుంది. మెర్జ్ చివర ‘టూ మెనీ ఫైల్స్’ అన్న హెచ్చరికా, మెర్జ్.రీనేమ్‌లిమిట్ ఎంతకు పెంచాలో అంకే కనబడతాయి. ఇప్పటి గిట్‌లో ఆ హద్దు 7000. గిట్ కాన్ఫిగ్ మెర్జ్.రీనేమ్‌లిమిట్ 20000 అని పెంచి మళ్లీ నడపండి. అచ్చంగా సరిపోయే ఆర్100 జతలకు ఈ హద్దు వర్తించదు.

ప్రశ్న: ముందు ఫైళ్లు జరపడం ఒక కమిట్‌గా, ఇంపోర్టులు దిద్దడం ఇంకో కమిట్‌గా చేస్తే రీనేమ్‌లు తప్పకుండా దొరుకుతాయని విన్నాం. అలాగే చేశాం. అయినా మెర్జ్‌లో దొరకలేదు. ఎందుకని?
— నెల్లూరు

జవాబు: సలహా మంచిదే, దానికి చెప్పే కారణమే తప్పు. మెర్జ్ చేసేటప్పుడు గిట్ మూడు చోట్లే చూస్తుంది. రెండు బ్రాంచీలు విడిపోయిన కమిట్, ఈ బ్రాంచి చివర, ఆ బ్రాంచి చివర. మధ్యలో మీరు ఎంత పద్ధతిగా కమిట్లు పేర్చినా వాటి వంక చూడదు. మొదటి కమిట్‌లో 100 శాతం పోలిక ఉండి, రెండో కమిట్ తర్వాత 45కు పడిపోతే, గిట్‌కు కనబడేది ఆ 45 మాత్రమే.

రెండు కమిట్లుగా విడగొట్టినందుకు లాభం రావాలంటే మెర్జ్‌ను కూడా మెట్లుగా చేయాలి. ఫైళ్లు జరిపిన కమిట్‌కు ‘మూవ్’ అని, దానికి సరిగ్గా ముందున్న కమిట్‌కు ‘ప్రీమూవ్’ అని ట్యాగులు పెట్టుకోండి. మీ బ్రాంచిలో నిలబడి:

గిట్ మెర్జ్ ప్రీమూవ్
గిట్ మెర్జ్ మూవ్
గిట్ మెర్జ్ మెయిన్

మొదటి మెట్టులో ఫోల్డర్ల గొడవే లేదు. ఎప్పుడూ ఉండే కాన్‌ఫ్లిక్టులే, పాత దారుల్లోనే తీర్చుకుంటారు. రెండో మెట్టులో విడిపోయిన చోటు ప్రీమూవ్ అవుతుంది. అక్కడినుంచి మూవ్ వరకూ మెయిన్ వైపు జరిగింది ఉత్త తరలింపే కాబట్టి అన్నీ ఆర్100గా దొరుకుతాయి, మీ మార్పులు కొత్త దారుల్లోకి వాటంతటవే వెళ్లి కూర్చుంటాయి. మూడో మెట్టుకు రెండు వైపులా దారులు ఒకటే. ఇంపోర్టు లైన్లు ఢీకొంటే ఢీకొనవచ్చు గానీ, రీనేమ్ అన్న ప్రశ్నే ఉండదు.

ప్రతి మెట్టు తర్వాతా టెస్టులు నడపండి. ‘మూవ్’ మెట్టు దగ్గర మాత్రం టెస్టులు పడిపోతాయి, ఇంపోర్టులు ఇంకా దిద్దలేదు కదా. అక్కడ కంగారు పడొద్దు.

జరపడం, దిద్దడం ఒకే కమిట్‌లో కలిసిపోయి ఉంటే ఈ దారి మూసుకుపోయినట్టే. అప్పుడు పై జవాబులోని శాతం తగ్గించే పద్ధతో, చేత్తో కలిపే పద్ధతో పట్టుకోవాలి. తెలియకుండా ఇలా జరిగేది ఎక్కువగా స్క్వాష్ మెర్జ్ వల్ల. పుల్ రిక్వెస్టులో (బ్రాంచిని మెయిన్‌లో కలపమని పెట్టే అభ్యర్థనలో) రెండు కమిట్లు చక్కగా ఉంటాయి, బటన్ నొక్కేవాళ్లు స్క్వాష్ ఎంచుకుంటారు, మెయిన్‌లోకి ఒక్కటే ముద్ద దిగుతుంది. ఫోల్డర్లు మార్చిన పుల్ రిక్వెస్టును మాత్రం మామూలు మెర్జ్ కమిట్‌గానే కలపండి. మీ సంస్థలో స్క్వాష్ తప్ప వేరే ఒప్పుకోకపోతే తరలింపు ఒక పుల్ రిక్వెస్టు, దిద్దుబాటు ఇంకోటి పెట్టండి.

ప్రశ్న: పొగాకు వేలం బేళ్ల బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మాది. మెయిన్‌లో ‘బిల్లింగ్’ ఫోల్డరును ‘కోర్/బిల్లింగ్’గా మార్చారు. మా బ్రాంచిలో పాత ‘బిల్లింగ్’లో రెండు కొత్త ఫైళ్లు పెట్టాం. మెర్జ్‌లో ‘ఫైల్ లొకేషన్’ అనే కాన్‌ఫ్లిక్ట్ వచ్చింది. ఆశ్చర్యమేంటంటే మా పక్క టీముకు ఇదే మెర్జ్‌లో ఏ కాన్‌ఫ్లిక్టూ రాలేదు గానీ, కొత్త ఫైళ్లు పాత ఫోల్డర్లోనే ఉండిపోయాయి.
— ఒంగోలు

జవాబు: రెండిటికీ మూలం ఒకటే. 2018లో వచ్చిన 2.18 వెర్షన్ నుంచి గిట్ ఫైళ్లతోపాటు ఫోల్డర్ల రీనేమ్‌ను కూడా ఊహిస్తుంది. ‘బిల్లింగ్’లోని ఫైళ్లన్నీ ‘కోర్/బిల్లింగ్’కు పోయాయంటే, కొత్తగా వచ్చిన ఈ రెండూ అక్కడికే పోవాలేమో అనుకుంటుంది. అనుకుని, ఫైలును కొత్త చోట పెట్టి, ‘ఇది సరేనా?’ అని మిమ్మల్ని అడగడమే ఆ కాన్‌ఫ్లిక్ట్. ఫైలు లోపల గుర్తులేమీ ఉండవు. సరే అనుకుంటే కొత్త దారితో గిట్ యాడ్ చేస్తే చాలు. వద్దనుకుంటే ఫైలును మామూలుగా పాత చోటికి జరిపి, పాత దారినీ కొత్త దారినీ రెండిటినీ గిట్ యాడ్ చేయండి.

పక్క టీముకు ఎందుకు రాలేదో చూద్దాం. మొదట గిట్ --వెర్షన్ చూడమనండి. సెంటోస్ 7తో వచ్చే గిట్ 1.8.3, దానికి ఫోల్డరు రీనేమ్ అంటే ఏమిటో తెలియదు. ఉబుంటు 22.04తో వచ్చేది 2.34. రీనేమ్‌లను వేగంగా, మెరుగ్గా చూసే ఓఆర్‌టీ అనే కొత్త మెర్జ్ పద్ధతి డిఫాల్ట్ అయింది ఆ 2.34 నుంచే, అంటే 2021 నవంబరు. ఒకే టీములో ఒకరు పాతది, ఒకరు కొత్తది వాడుతుంటే ఒకే మెర్జ్ ఇద్దరికీ రెండు రకాలుగా రావడంలో వింత లేదు.

వెర్షన్ కొత్తదే అయితే అసలు షరతు చూడండి. ఫోల్డరు మార్చిన వైపు పాత ఫోల్డరు పూర్తిగా ఖాళీ అయిపోవాలి. అక్కడ రీడ్‌మీ ఒక్కటి మిగిలినా ‘ఫోల్డరు ఇంకా ఉందిగా’ అని గిట్ ఊరుకుంటుంది. బహుశా వాళ్లు చూస్తున్న ఫోల్డర్లో అలాంటిది ఏదో ఒకటి మిగిలి ఉంటుంది. తరలింపు కమిట్ ఎవరు చేసినా, పాత ఫోల్డరును సగం సగం ఖాళీ చేయొద్దు. ఇంకా ఒకే ఫోల్డరులోని ఫైళ్లు రెండు చోట్లకు పంచితే ఎక్కువ ఫైళ్లు ఎటు వెళితే కొత్తవాటినీ అటే పంపుతుంది. సరిసమానంగా పంచితే ‘డైరెక్టరీ రీనేమ్ స్ప్లిట్’ అని చేతులెత్తేస్తుంది.

మెర్జ్.డైరెక్టరీరీనేమ్స్ అనే సెట్టింగును ట్రూ అని పెడితే అడక్కుండానే జరిపేస్తుంది. డిఫాల్ట్‌గా ఉన్న ‘కాన్‌ఫ్లిక్ట్’నే ఉంచుకోవడం మేలని మా అభిప్రాయం. కొత్త ఫైలు లోపల పాత దారి ఇంపోర్టులు ఎలాగూ దిద్దాలి, ఆ కాన్‌ఫ్లిక్ట్ దాన్ని గుర్తు చేస్తుంది. పనిలో పనిగా ఒక మాట. వేలం నడిచే రోజుల్లో ఈ ఫోల్డర్ల సర్దుడు పెట్టుకోకండి.

ప్రశ్న: రైస్ మిల్లు స్టాకు ప్రోగ్రాం. ‘రిపోర్ట్స్’ ఫోల్డరులో మొదటి ఆర్ పెద్దక్షరం ఉంటే చిన్నక్షరం చేశాం. మా విండోస్‌లో ఒకటే ఫోల్డరు. సర్వరు లినక్స్, అక్కడ రెండు ఫోల్డర్లు కనిపిస్తున్నాయి, సగం ఫైళ్లు ఇందులో, సగం అందులో.
— కోవూరు

జవాబు: విండోస్‌కు పెద్ద ఆర్, చిన్న ఆర్ ఒకటే, గిట్ ఇండెక్సుకు (కమిట్‌కు సిద్ధం చేసిన ఫైళ్ల పట్టీకి), లినక్సుకు వేరువేరు. పేరును నేరుగా మార్చకుండా మధ్యలో వేరే పేరు మీదుగా వెళ్లాలి:

గిట్ ఎంవీ రిపోర్ట్స్ రిపోర్ట్స్-టెంప్
గిట్ ఎంవీ రిపోర్ట్స్-టెంప్ రిపోర్ట్స్

మొదటి లైనులో పెద్ద ఆర్, రెండో లైను చివర చిన్న ఆర్. మీకు ఇప్పటికే రెండూ రిపోలోకి (గిట్ దాచే ప్రాజెక్టు చరిత్రలోకి) ఎక్కాయి కాబట్టి పై రెండు లైన్లు నడిపితే ఒక ఫోల్డరు ఇంకోదాని లోపలికి పోతుంది. లినక్స్ మెషిన్ మీద పెద్ద ఆర్ ఫోల్డరులోని ఫైళ్లను గిట్ ఎంవీతో చిన్న ఆర్ ఫోల్డరులోకి జరపండి, విండోస్‌లో రెండిటినీ విడివిడిగా చూడలేరు. కోర్.ఇగ్నోర్‌కేస్‌ను ఫాల్స్ చేయమని చెప్పేవాళ్లుంటారు. విండోస్‌లో అది ముట్టుకోవద్దు, ఇలాంటి జంట ఫోల్డర్లు ఇంకా పెరుగుతాయి.

ప్రశ్న: గ్రానైట్ బ్లాకులు, శ్లాబుల స్టాకు లెక్క మాది. ఇంకా సబ్‌వెర్షన్‌లోనే ఉన్నాం. ఫోల్డర్లు విండోస్‌లో కట్–పేస్ట్ చేసి మార్చాం. బ్రాంచి మెర్జ్ చేస్తే అంతా ట్రీ కాన్‌ఫ్లిక్ట్.
— చీమకుర్తి

జవాబు: గిట్‌కూ సబ్‌వెర్షన్‌కూ ఇక్కడే పెద్ద తేడా. గిట్ ఊహిస్తుంది, సబ్‌వెర్షన్ మీరు చెప్పింది రాసుకుంటుంది. ఎస్‌వీఎన్ మూవ్ (సబ్‌వెర్షన్‌లో తరలించే కమాండ్) వాడితే ‘ఇది ఫలానా దాని కాపీ’ అన్న చరిత్ర రిపోలోకి ఎక్కుతుంది. కట్–పేస్ట్ చేస్తే దానికి ఒక ఫైలు తప్పిపోయింది, సంబంధం లేని ఇంకో ఫైలు వచ్చింది.

ఇంకా కమిట్ చేయకపోతే ఎస్‌వీఎన్ స్టేటస్‌లో పాతవాటికి ఆశ్చర్యార్థకం, కొత్తవాటికి ప్రశ్నార్థకం కనబడతాయి. టార్టాయిస్ (సబ్‌వెర్షన్‌కు విండోస్ ప్రోగ్రాం) వాడుతుంటే కమిట్ విండోలో ఆ జంటను కలిపి ఎంచుకుని, రైట్ క్లిక్ చేసి ‘రిపేర్ మూవ్’ నొక్కండి. చరిత్ర అతుక్కుంటుంది. జంటలు జంటలుగా చేయాల్సిందే, ఓపిక కావాలి.

కమిట్ అయిపోతే, బ్రాంచిలో మారిన ఒక్కో ఫైలును కొత్త చోటికి నేరుగా మెర్జ్ చేయాలి:

ఎస్‌వీఎన్ మెర్జ్ --ఇగ్నోర్-యాన్సెస్ట్రీ -ఆర్ 410:455 ^/బ్రాంచెస్/శ్లాబ్/లిబ్/రేట్.సీ సోర్స్/రేట్.సీ

410, 455 అన్నవి ఉదాహరణకు పెట్టిన రివిజన్లు, మీవి వేసుకోండి. ఈ ఆప్షన్‌తో చేసిన మెర్జ్ లెక్కలోకి ఎక్కదు. కనుక అన్ని ఫైళ్లూ అయ్యాక అదే రివిజన్ల శ్రేణిని బ్రాంచి మొత్తం మీద --రికార్డ్-ఓన్లీతో ఒకసారి నడపండి. లేకపోతే వచ్చే మెర్జ్‌లో అవే మార్పులు మళ్లీ వచ్చి పడతాయి.

క్లయింటును 1.10 గానీ, ఆ పైది గానీ చేసుకోండి. 2018లో వచ్చిన ఆ వెర్షన్ నుంచి ఎస్‌వీఎన్ రిజాల్వ్, ట్రీ కాన్‌ఫ్లిక్ట్ వచ్చినప్పుడు ఫైలు ఎటు పోయిందో చరిత్రలో వెతికి, మార్పును అక్కడికి తీసుకెళ్లనా అని మెనూ ఇస్తుంది. చరిత్ర ఉంటేనే సుమా. ఎస్‌వీఎన్ మూవ్ చేసే ముందు ఎస్‌వీఎన్ అప్‌డేట్ తప్పనిసరి. ఫోల్డరులో వేర్వేరు రివిజన్లు కలిసి ఉంటే మూవ్‌కు ఒప్పుకోదు.

ప్రశ్న: మెర్జ్ ఒక్క కాన్‌ఫ్లిక్ట్ లేకుండా అయిపోయింది. పైథాన్ ప్రోగ్రాం మాత్రం నా మెషిన్‌లో ఒక రకం ఎర్రర్, సర్వరులో ఇంకో రకం ఎర్రర్ ఇస్తోంది.
— నెల్లూరు, ఇంజినీరింగ్ విద్యార్థిని

జవాబు: గిట్ కలిపేది లైన్లను, అర్థాన్ని కాదు. మీ బ్రాంచిలో కొత్తగా రాసిన ఫైలు ‘యాప్.యుటిల్స్’ను ఇంపోర్ట్ చేస్తుంది. మెయిన్‌లో అది ‘సర్వీసెస్.యుటిల్స్’ అయిపోయింది. రెండు వైపులా వేర్వేరు ఫైళ్లు మారాయి, ఢీకొనే లైనే లేదు. గిట్ గ్రెప్ -ఎన్ "యాప్\." అని వెతకండి. ఇంపోర్టులతో ఆగిపోకుండా స్ట్రింగుల్లో దాగినవీ చూడాలి. టెస్టుల్లో ప్యాచ్ చేసే దారులు, సెటింగ్స్‌లో యాప్ పేర్లు, డాకర్‌ఫైల్‌లో కాపీ లైన్లు, సీఐ (టెస్టులు వాటంతటవే నడిచే ఏర్పాటు) ఫైలులో దారుల ఫిల్టర్లు. సీఐ ఫిల్టరు పాత దారి మీద ఉండిపోతే అసలు టెస్టులే నడవవు, ఎర్రర్ కూడా రాదు, అంతా పచ్చగా కనిపిస్తుంది. గిట్-ఇగ్నోర్‌లో పాత దారితో రాసిన లైన్లు కూడా పనిచేయడం మానేస్తాయి. అప్‌లోడ్ ఫైళ్లు కమిట్‌లోకి ఎక్కేది అలాగే.

రెండు మెషిన్లలో రెండు ఎర్రర్లు రావడానికి కారణం పాత ఫోల్డరు అవశేషాలు. గిట్ తన ఫైళ్లను తీసేస్తుంది గానీ, లోపల ఇగ్నోర్ చేసినవి, అంటే పైకాష్ (పైథాన్ తాత్కాలిక ఫైళ్ల) ఫోల్డరు లాంటివి ఉంటే పాత ఫోల్డరును అలాగే వదిలేస్తుంది. పైథాన్ 3కి ఇనిట్ ఫైలు లేని ఫోల్డరు కూడా ప్యాకేజీయే. కాబట్టి మీ మెషిన్‌లో ‘ఇంపోర్ట్ యాప్’ ఏ గొడవా లేకుండా సాగిపోయి, ఆ తర్వాత లోపలి పేరు దొరకలేదని ఎర్రర్ వస్తుంది. కొత్తగా క్లోన్ చేసిన సర్వరులో ఆ ఫోల్డరే లేదు, అందుకని మాడ్యూలే లేదంటుంది.

గిట్ క్లీన్ -ఎన్‌డీఎక్స్

ఇక్కడా ఎక్స్ పెద్దక్షరమే. ఇది ఇగ్నోర్ చేసినవాటిలో ఏవేవి తీసేయబోతుందో చూపిస్తుంది, తీసేయదు. ఆ పట్టీలో మీ పాస్‌వర్డులున్న ఎన్వ్ ఫైలు, లోకల్ డేటాబేస్ కూడా కనబడతాయి. అందుకే ఎన్ తీసేసి ఎఫ్ పెట్టి గంపగుత్తగా నడపొద్దు. పాత ఫోల్డరు ఒక్కదాన్ని చేత్తో తీసేయండి.

ప్రశ్న: వచ్చే నెల మేమే పెద్ద ఎత్తున ఫోల్డర్లు మార్చబోతున్నాం. పది పన్నెండు బ్రాంచీలు తెరిచి ఉన్నాయి. అందరినీ పని ఆపమనలేం. ముందే ఏం చేసుకుంటే మంచిది?
— నెల్లూరు, టీం లీడ్

జవాబు: తరలింపును చేత్తో చేయకండి, స్క్రిప్టు రాయండి. ఏ ఫోల్డరు ఎటు పోవాలో గిట్ ఎంవీ లైన్లు, ఆ వెంటనే ఇంపోర్టు దారులను మార్చే సెడ్ లైన్లు. స్క్రిప్టు ఉంటే మెయిన్‌లో నడిపిందే ప్రతి బ్రాంచిలోనూ నడపొచ్చు. అప్పుడు గిట్ ఊహల మీద ఆధారపడే పనే లేదు. స్క్రిప్టును రిపో బయట దాచండి, లేకపోతే అది తనను తానే దిద్దుకుంటుంది.

మెయిన్‌లో తరలింపుకు ముందు కమిట్‌కు ప్రీమూవ్ ట్యాగు పెట్టండి. స్క్రిప్టు నడిపి, చేత్తో ఒక్క అక్షరం కూడా దిద్దకుండా కమిట్ చేసి దానికి మూవ్ ట్యాగు పెట్టండి. స్క్రిప్టుకు అందని దిద్దుబాట్లు ఏవైనా ఉంటే తర్వాతి కమిట్‌లో. ఇక ఒక్కో బ్రాంచిలో:

గిట్ మెర్జ్ ప్రీమూవ్
గిట్ మెర్జ్ -ఎస్ అవర్స్ --నో-కమిట్ మూవ్
బ్యాష్ ../తరలింపు.ఎస్‌హెచ్
గిట్ స్టేటస్
గిట్ యాడ్ -ఏ
గిట్ కమిట్
గిట్ మెర్జ్ మెయిన్

రెండో లైనులో జరిగేది గమనించండి. ‘మూవ్ కమిట్‌ను కలిపేశాను’ అని చరిత్రలో రాసుకోమంటున్నాం, దాని సరుకు మాత్రం ఏమీ తీసుకోవద్దంటున్నాం. ఆ సరుకును మూడో లైనులో స్క్రిప్టే తయారు చేస్తుంది, అదీ బ్రాంచిలోని కొత్త ఫైళ్లకు, కొత్త ఇంపోర్టులకు కూడా కలిపి. మామూలు మెర్జ్ ఏనాటికీ చేయలేని పని ఇది. స్టేటస్ చూసేది వేరే చెత్త ఫైళ్లు యాడ్‌లో కొట్టుకురాకుండా. చివరి లైనులో మిగిలినవి మామూలు మార్పులే.

ఇక్కడ -ఎస్ అవర్స్‌కు బదులు -ఎక్స్ అవర్స్ కొడితే కథ అడ్డం తిరుగుతుంది. అది మామూలు మెర్జే చేసి, ఢీకొన్నచోట మాత్రం మన లైన్లు ఉంచుతుంది. ఇక -ఎస్ అవర్స్‌ను ‘మూవ్’ మీద తప్ప ‘మెయిన్’ మీద వాడారో, మెయిన్‌లో అందరూ చేసిన పని మీ బ్రాంచిలో మాయమై, రేపు ఈ బ్రాంచి కలిసినప్పుడు మెయిన్‌లోనూ మాయమవుతుంది. ఎర్రర్ కూడా రాదు. కమిట్ అయ్యాక, చివరి లైను నడిపే ముందు గిట్ డిఫ్ --స్టాట్ -ఎం మూవ్ అని చూడండి. ఆ బ్రాంచిలో చేసిన పని తప్ప వేరే ఫైలు పేరు కనబడకూడదు.

ఒకే పెద్ద ఫైలును రెండుగా చీల్చే పని ఉంటే దాన్ని ఈ తరలింపులో కలపకండి. మెర్జ్‌లో గిట్ ఒక పాత ఫైలుకు ఒకే కొత్త ఫైలును జత చేస్తుంది. రెండో ముక్కకు చెందిన మార్పులు కూడా మొదటి ముక్కలోకే వచ్చి కాన్‌ఫ్లిక్ట్ అవుతాయి. దానికి అడ్డదారి లేదు. ఆ ఫైలు మీద తెరిచి ఉన్న బ్రాంచీలు ముందు కలిసిపోయేదాకా ఆగడమే.

రెండు మూడు రోజుల ముందు ఒక నకలు క్లోన్‌లో అన్ని బ్రాంచీలనూ ఇలా కలిపి చూసుకోండి. గిట్ కాన్ఫిగ్ రీరీరీ.ఎనేబుల్డ్ ట్రూ అని పెట్టుకుంటే అక్కడ మీరు తీర్చిన కాన్‌ఫ్లిక్టులను గిట్ గుర్తుంచుకుంటుంది. అయితే ఆ జ్ఞాపకం క్లోన్ లోపలి డాట్ గిట్ ఫోల్డరులో ఆర్‌ఆర్-కాష్ అనే చోట ఉంటుంది, పుష్ చేస్తే రాదు. అసలు రోజున ఆ ఫోల్డరును మీ రిపోలోకి కాపీ చేసుకోండి.

ప్రశ్న: ఫోల్డరు మార్చినాక గిట్ లాగ్‌లో పాత చరిత్ర కనపడటం లేదు. పోయినట్టేనా?
— అద్దంకి

జవాబు: పోలేదు. గిట్ లాగ్ --ఫాలో అని ఫైలు దారి ఇవ్వండి, రీనేమ్ దాటి వెనక్కు వెళుతుంది. ఒకసారికి ఒక ఫైలుకే పనిచేస్తుంది, ఫోల్డరుకు కుదరదు. లాగ్‌కు ప్రీమూవ్ ట్యాగూ (తరలింపుకు ముందు కమిట్‌కు పెట్టినది) పాత ఫోల్డరు దారీ కలిపి ఇస్తే ఫోల్డరు మొత్తం పాత చరిత్ర వస్తుంది. మధ్యలో రెండు గీతలు పెట్టడం మరవొద్దు:

గిట్ లాగ్ ప్రీమూవ్ -- యాప్/పాండ్స్

గిట్ బ్లేమ్‌కు ఇవేమీ అక్కర్లేదు. ఫైలు మొత్తంగా పేరు మారితే అదే వెంట పడుతుంది. --ఫాలో మాత్రం ప్రతి కమిట్ దగ్గరా ఆ 50 శాతం లెక్కే చూస్తుంది. మధ్య కమిట్లను చూసేది ఇది కాబట్టి, తరలింపు విడి కమిట్‌గా ఉన్న రిపోలో దారి తప్పదు.